అబీలియో చెప్పే నిమిషాలు

మార్చి నెలలో ఒక సర్వే పిల్ల మా మూలకి వచ్చింది. చేతిలో అట్ట, అట్టకి కాగితాలు, మెడలో యూనివర్సిటీ కార్డు. "మీరు చేసే పనివల్ల మీ జీవితంలో ఎంత తృప్తి ఉంది? ఒకటి నుంచి పది దాకా ఒక అంకె చెప్పండి" అని కనబడ్డ వాళ్ళనల్లా అడుగుతోంది. బ్యాంకు ముందు తుపాకీ పట్టుకు నిలబడే గార్డు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, మూడన్నాడు. నేను నాలుగన్నాను. నాది పేపర్ల బడ్డీ. మా ఆయన పోతూ పోతూ నా నెత్తిన పెట్టిపోయిన ఆస్తి. పొద్దున్నే పేపర్లన్నీ క్లిప్పులు పెట్టి వేలాడదీస్తాను. జనం వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, మొదటి పేజీలన్నీ నిలబడి చదివేసి, ప్రభుత్వాన్ని నాలుగు తిట్టి వెళ్ళిపోతారు. కొనేవాడు నూటికి ఒకడు. ఆ లెక్కన నాలుగు కూడా ఎక్కువే, కానీ ఆ పిల్ల ముఖం చూసి జాలిపడ్డాను.

అబీలియో యౌరి మాత్రం ఆలోచించకుండా "పది" అన్నాడు.

"మీరు ఏం పని చేస్తారు?" అని అడిగింది ఆ పిల్ల, పెన్ను ఎత్తి పట్టుకుని.

"నిమిషాలు చెప్తాను."

ఆమె కాగితంలో అలాంటి పనికి గడి లేదు. 'ఇతరములు' అని రాసుకుని వెళ్ళిపోయింది. ఏ ఊరి పిల్లో గాని, మా లిమా నగరంలో పెరిగినదైతే ఆ మాట అడిగి ఉండేది కాదు.

మా కోమాస్ రోడ్డు మీద రెండు కంపెనీల బస్సులు ఒకే దారిన పోతాయి. ఒకటి ఆకుపచ్చవి, ఒకటి నీలంవి. డ్రైవరుకీ కండక్టరుకీ నెల జీతం లేదు. ఆ రోజు ఎంతమందిని ఎక్కించుకుంటే అంత. అందుకని వాళ్ళకి కావలసిన సంగతి ఒక్కటే: ముందు బస్సు ఈ మూల దాటి ఎన్ని నిమిషాలైంది? ఇప్పుడే దాటిందంటే, ముందున్న స్టాపులన్నీ అది ఊడ్చేసి ఉంటుంది, కాబట్టి దాన్ని కొట్టేసి ముందుకు పోవాలి. చాలాసేపైందంటే స్టాపుల్లో జనం పోగుపడి ఉంటారు, కాబట్టి నత్తలా నడుపుతూ ఒక్కొక్కర్నీ ఏరుకోవచ్చు. తక్కువ నిమిషాలంటే పరుగు, ఎక్కువ నిమిషాలంటే నడక. ఆ అంకె చెప్పడానికి మూలమూలకీ ఒక మనిషి నోటుపుస్తకం పట్టుకుని నిలబడి ఉంటాడు. దతేరో అంటాం. బస్సు కాస్త నెమ్మదించగానే వాడు అంకె అరుస్తాడు, కండక్టరు ఒక చిల్లర నాణెం విసురుతాడు, బస్సు పోతుంది. అంతా కలిపి మూడు సెకన్ల పని.

మా మూలకి ఆ మనిషి అబీలియో. పద్నాలుగేళ్ళుగా ఆ పని చేస్తున్నాడు. పొట్టివాడు, ఎండకీ మంచుకీ ఒకటే టోపీ, ఎడమచేతికి వాచీ, చెవిమీద పెన్సిలు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా నా బడ్డీకి మూడడుగుల దూరంలో నిలబడి ఉండేవాడు. నేను స్టూలిస్తానన్నా కూర్చునేవాడు కాడు. "కూర్చుంటే బస్సు కనబడదు చెల్లెమ్మా" అనేవాడు. బస్సుకీ బస్సుకీ మధ్య వాళ్ళ అయకూచో కొండల పాట ఏదో ముక్కుతో తీస్తుండేవాడు. ఒకే పాట. పద్నాలుగేళ్ళు విన్నాను, ఇప్పటికీ దాని మాటలు నాకు తెలియవు.

అంతకుముందు మేజోళ్ళ ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళు చేశాడు. మడమ అల్లే మిషను అతనిది. పాదం ఒకరు, మడమ ఇతను, పైభాగం ఇంకొకరు. మరుగుదొడ్డి తాళంచెవి సూపర్‌వైజరు దగ్గర ఉండేదిట. రోజుకి రెండుసార్లు ఇస్తాడు. ఫ్యాక్టరీ మూతపడ్డ రోజు తోటివాళ్ళు ఏడుస్తుంటే తనకి ఏడుపు రాలేదని, రానందుకు సిగ్గేసిందని ఒకసారి చెప్పాడు.

"పంతొమ్మిదేళ్ళలో నన్ను ఎవరూ ఏదీ అడగలేదు చెల్లెమ్మా. నిజంగా. టైమెంతైందని కూడా అడగలేదు, గోడకి గడియారం ఉండేది. ఇక్కడ చూడు. ఒకటిన్నర నిమిషానికి ఒకడు వచ్చి నన్ను అడుగుతాడు. నేను చెప్పింది నమ్మి వెళ్ళిపోతాడు. తిరిగి చూడడు."

"ఆ విసిరే చిల్లరకి అంత మురిసిపోతావేం?" అన్నాను.

"చిల్లర సంగతి కాదులే" అన్నాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు కుళ్ళు కూడా వేసింది. ఆ వయసులో, ఆ టోపీతో, మనిషికి పదికి పది ఎక్కడినుంచి వచ్చిందని.

అతని అంకె మాత్రం రాతిమీద గీత. ఒకసారి నీలం బస్సు కండక్టరొకడు అర కోడి రోస్టు పొట్లం తెచ్చి, "బాబాయ్, ఈ మధ్యాహ్నం ఆకుపచ్చ వాళ్ళకి రెండు నిమిషాలు ఎక్కువ చెప్పు చాలు" అని బతిమాలాడు. అబీలియో పొట్లం వాసన చూశాడు. "మంచి కోడి" అన్నాడు, తిరిగి ఇచ్చేశాడు. ఆ మధ్యాహ్నమంతా నా బడ్డీ చుట్టూ కోడివాసన తిరుగుతూనే ఉంది. నేనైతే కోడి తిని అంకె కూడా చెప్పేదాన్ని.

అతని కూతురు నెలిదాకి ఈ పని అంటే ఒళ్ళు మంట. మందుల షాపులో తెల్లకోటు వేసుకుని నిలబడే పిల్ల. పెళ్ళిలో అత్తగారివైపు వాళ్ళు "మీ నాన్నగారేం చేస్తారు?" అంటే "రవాణాలో" అని చెప్పిందిట. అది నాకు చెప్పింది అబీలియోనే, నవ్వుతూ. "అబద్ధం కాదుగా" అన్నాడు.

మేలో ఒక మంగళవారం, ఒంటిగంటకి, బడి వదిలారు. మా మూల నుంచి నలభై అడుగుల దూరంలో బడి గేటు. ఆ టైముకి కసిల్దా తన తోపుడుబండి మీద ఉడకబెట్టిన కౌజుపిట్ట గుడ్లు పెట్టుకుని, రోడ్డు దాటి గేటు దగ్గరికి పోతుంది. అరవై దాటిన మనిషి. నోట్లో నువ్వుగింజ నానదు, నోరు తెరిస్తే మూయదు. అటు నుంచి ఆకుపచ్చ బస్సొకటి వచ్చింది, కొత్త డ్రైవరు. "ఎంత?" అన్నాడు కండక్టరు. "ఒకటిన్నర!" అన్నాడు అబీలియో. ఒకటిన్నరే. నీలం బస్సు ఇంకా గేటు దగ్గర జనాన్ని ఎక్కించుకుంటోంది. ఆకుపచ్చది ఒక్క అరుపు అరిచి, నీలందాన్ని ఎడమవైపు నుంచి కోసుకుంటూ పోయింది. దాని అద్దం కసిల్దా భుజానికి కొట్టింది. ఆమె పడింది, బండి పడింది, గుడ్లు రోడ్డంతా దొర్లాయి. పిల్లలకి ఏమీ కాలేదు. ఏమీ కాలేదని ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను గాని, ఆ రోజు సాయంత్రం దాకా చిల్లర తప్పు లెక్కపెడుతూనే ఉన్నాను.

కసిల్దా తుంటి ఎముక విరిగింది. డ్రైవరు బస్సు వదిలేసి పారిపోయాడు, రెండోరోజు పట్టుకున్నారు. పోలీసులు అందర్నీ అడిగారు, నన్నూ అడిగారు. అబీలియోని ఒక్కడూ ఏమీ అడగలేదు. అడగడానికేముంది? అతను బస్సు నడపలేదు, అబద్ధం చెప్పలేదు.

ఆదివారం నాడు అబీలియో కోడి సూపు గిన్నె పట్టుకుని ఆసుపత్రికి వెళ్తుంటే నేనూ వెంట వెళ్ళాను. కసిల్దా మంచం మీద, కాలికి బరువు కట్టించుకుని పడుకుని ఉంది. సూపు రెండు గుక్కలు తాగి ఉప్పు తక్కువైందంది.

అబీలియో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఆ బస్సుకి ఒకటిన్నర అని చెప్పింది నేనే కసిల్దా."

"తెలుసు. నాకు చెవుడు లేదు."

"ఒకటిన్నరే అయింది మరి."

"అయితే?" అంది కసిల్దా. "ఏడు అంటే నీ నాలుక ఊడి కిందపడేదా?"

నేను నవ్వాను. అబీలియో నవ్వలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కసారి మాత్రం, "పద్నాలుగేళ్ళు నేను అంకె చెప్తున్నాననుకున్నాను చెల్లెమ్మా. వాళ్ళకి వినబడేది అంకె కాదు, పరిగెత్తు, ఆగు అని" అన్నాడు. ఇంతకాలానికా తెలిసింది అందామని నోటిదాకా వచ్చింది. అతని ముఖం చూసి, చేతిలోని గిన్నె తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను.

మర్నాటి నుంచి ఒంటిగంటకి పావుగంట ముందు మొదలుపెట్టి ఒకటిన్నర దాకా, ఏ బస్సు వచ్చి "ఎంత?" అన్నా, అతని నోట ఏడుకి తగ్గిన అంకె రాలేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పుస్తకంలో మాత్రం అసలు నిమిషాలే రాసుకునేవాడు. మొదటిరోజు ఒక్కొక్క అబద్ధానికీ చెవులు ఎర్రబడ్డాయి. నలభై అయిదు నిమిషాలు అయ్యేసరికి చొక్కా తడిసిపోయింది. బస్సులు మాత్రం గేటు ముందు నుంచి పెళ్ళిఊరేగింపులా వెళ్ళాయి.

ఇలాంటివి దాగవు. తొమ్మిది నిమిషాలని నమ్మి ఈడ్చుకుంటూ పోయిన డ్రైవరుకి స్టాపులు ఖాళీగా కనబడతాయి. సాయంత్రం టెర్మినల్లో ఇద్దరు డ్రైవర్లు కాఫీ తాగుతూ టైములు పోల్చుకుంటారు. పదిరోజుల్లో రెండు కంపెనీలకీ తెలిసిపోయింది. ఆకుపచ్చ వాళ్ళలో అందరికన్నా పాతవాడు ప్రిమితీవో అని ఒకడున్నాడు, బొజ్జ స్టీరింగుకి తగులుతూ ఉంటుంది. వాడు బస్సుని సరిగ్గా నా బడ్డీ ముందు ఆపి దిగాడు. జనం లోపల గొణుగుతున్నా లెక్క చెయ్యలేదు.

"ఎవడు కొన్నాడు బాబాయ్ నిన్ను? నీలం వాళ్ళా?"

"ఎవరూ కొనలేదు."

"నీలం వాళ్ళకీ అబద్ధమే చెప్తున్నావుట!"

"చెప్తున్నాను."

లంచం తిన్నవాడిని తిట్టడానికి మాటలుంటాయి, ఊరికే అబద్ధం ఆడేవాడికి ఏముంటాయి? "మా అమ్మ మాటకంటే నీ మాట ఎక్కువ నమ్మాను. మా అమ్మ కూడా అప్పుడప్పుడు అబద్ధం ఆడేది. నువ్వు ఆడేవాడివి కాదు" అన్నాడు ప్రిమితీవో. అని, ఎక్కి వెళ్ళిపోయాడు. నాణెం విసరలేదు.

ఆ తర్వాత అందరూ ఆగడం మానేశారు. ఒంటిగంటకే కాదు, పొద్దున్న కూడా. బస్సు వచ్చేది, కండక్టరు ఇటు చూడకుండా బస్సు తలుపు పట్టుకుని వేలాడుతూ వెళ్ళిపోయేవాడు. అయినా అబీలియో నిలబడేవాడు, రాసుకునేవాడు, అడగకపోయినా అంకె అరిచేవాడు. రెండు వారాలు అలా అరిచాడు. చూడ్డానికి నాకే కష్టంగా ఉండేది. పాట మానేశాడు. స్టూలిస్తే కూర్చున్నాడు, అది మరీ కష్టంగా అనిపించింది.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు అప్పుడే నెలిదా వచ్చింది. ఆమె దృష్టిలో మాత్రం అది రోకటిపోటు కాదు, శుభవార్త. వాళ్ళాయన పనిచేసే గోదాములో గేటు దగ్గర మనిషి కావాలిట. లోపలికి వచ్చే లారీ నంబరూ టైమూ, బయటికి వెళ్ళే లారీ నంబరూ టైమూ రాయాలి. నెల జీతం, ఆసుపత్రి కార్డు, మధ్యాహ్నం భోజనం, కూర్చోవడానికి గది. "నువ్వు ఇక్కడ చేసేదే నాన్నా. కాకపోతే ఫ్యాను కింద" అంది. ఒక వారం చేసి చూడమన్నారు, నచ్చితే సోమవారం సంతకం.

అబీలియో వెళ్ళాడు. ఆ వారం మా మూల ఎలా ఉందో చెప్తాను. అడక్కపోయినా అతని అరుపు ఇన్నాళ్ళూ వాళ్ళ చెవిన పడుతూనే ఉందని అప్పుడు తెలిసింది. ఎవరి ముందు ఎవరున్నారో తెలియక బస్సులు మూడేసి కలిసి వచ్చేవి, ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఒకటీ వచ్చేది కాదు. జనం నన్ను తిట్టేవాళ్ళు. పేపరు కొననివాళ్ళు తిట్టడానికి మాత్రం నా బడ్డీ దగ్గరికే వస్తారు. ఇక ఒంటిగంటకి బడి గేటు ముందు బస్సుల పందెమే. టీచరమ్మలు ఈలలు వేసుకుంటూ రోడ్డు మధ్యలో నిలబడేవారు.

శనివారం అబీలియో పేపరు కొనడానికి వచ్చాడు. కొన్నాడు కూడా! కొత్త చొక్కా, జేబుకి పేరు కుట్టి ఉంది.

"ఎలా ఉంది ఉద్యోగం?"

"కుర్చీ బాగుంది."

"ఇంకా?"

"భోజనం బాగుంది. బీన్స్ పెడతారు, చేప పెడతారు." పేపరు విప్పి మొదటి పేజీ చూశాడు. "పుస్తకం నిండా రాశాను చెల్లెమ్మా. సాయంత్రం ఒకాయన వచ్చి దాన్ని బీరువాలో పెట్టాడు. ఎవరు చూస్తారండీ అన్నాను. ఎవరూ చూడరు, నియమం అన్నాడు." నాకు చెప్తున్నట్టు లేదు, ఇంకెవరికో చెప్తున్నట్టు ఉంది. "మరీ పాడు పనేం కాదు. నెలిదా సంతోషంగా ఉంది. సంతకం పెట్టేస్తాను."

అప్పుడే ప్రిమితీవో బస్సు వచ్చింది. అబీలియోని చూసి బ్రేకు వేశాడు, వెనక కార్లన్నీ హారన్లు మోగించాయి. కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"ఏయ్ బాబాయ్! నీ తర్వాత ఒకామెని పెట్టాం పై మూలలో. చదువుకున్న మనిషే గాని ఫోను చూస్తూ అంకె చెప్తుంది. నిన్న నాలుగన్నది, ముందు బస్సు నా ముక్కు ముందుంది! నువ్వు ఎప్పుడొస్తావ్?"

"నేను ఒంటిగంటకి అబద్ధమే చెప్తాను ప్రిమితీవో."

"చెప్పుకో! అది అందరికీ తెలిసిన అబద్ధమే కదా. మిగతా పదకొండు గంటలూ నిజం చెప్పు, చాలు. ఒంటిగంటకి కావాలంటే వంద అని చెప్పు."

"వంద చెప్పను. ఎవరు నమ్ముతారు?"

"తొమ్మిది మాత్రం ఎవడు నమ్ముతున్నాడయ్యా!" అని ప్రిమితీవో పకపకా నవ్వాడు. వెనక ట్రాఫిక్ పోలీసు ఈల వేస్తుంటే కదిలాడు.

అబీలియో పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు. "తెలిసి అడుగుతారుట" అన్నాడు. సంతోషించాడని చెప్పలేను. నమ్మకం పోయిందనే బాధ అతనికి పోలేదు, ఇప్పటికీ పోలేదనుకుంటాను. ఇదివరకటి పాట మళ్ళీ నాకు వినబడలేదు. ఆ సర్వే పిల్ల మళ్ళీ వచ్చినా అతను పది అనేవాడు కాదు, ఏ ఆరో ఏడో అనేవాడు. సోమవారం పొద్దున ఆరింటికి మాత్రం పాత టోపీతో, కొత్త చొక్కాతో, వచ్చి తన చోట నిలబడ్డాడు. స్టూలు ఇవ్వబోతే వద్దన్నాడు.

సంతకానికి రాలేదని తెలిసి నెలిదా మందుల షాపులో పర్మిషన్ పెట్టి, తెల్లకోటుతోనే, మధ్యాహ్నం దిగింది. ఒంటిగంటకి అయిదు నిమిషాలుంది.

"ఎందుకిలా పరువు తీస్తావు నాన్నా? మా ఆయన తన యజమానికి ఏం చెప్పాలి ఇప్పుడు?"

"చెప్తాను తల్లీ, ఒక్క నిమిషం—" బస్సు వచ్చింది. "ఎంత?" "ఎనిమిది!" నాణెం మోగింది. రోడ్డు మీద ఎవరికైనా కనబడుతోంది, ముందు బస్సు బడి గేటు దాటనే లేదు. ఆ ఆకుపచ్చ బస్సు మనిషి నడకంత వేగంతో దాని వెనకే పోయింది.

నెలిదా అటు చూసింది. "ఎనిమిదెక్కడ? అదుగో, అక్కడే ఉంది కదా!"

"ఉంది."

"ఆ డ్రైవరుకి కళ్ళు లేవా?"

"ఉన్నాయి."

"మరి ఎందుకు అడిగాడు? ఎందుకు డబ్బులిచ్చాడు?"

ఇంకొకటి వచ్చింది, నీలంది. "ఎంత?" "తొమ్మిది!" కండక్టరు "అబద్ధాలకోరు!" అని ముద్దుగా తిట్టి నాణెం విసిరాడు. ఆ వెనక ఇంకొకటి. నెలిదా నోరు తెరిచినప్పుడల్లా ఒక బస్సు వచ్చింది. అబీలియో ప్రతిసారీ ఆమె వైపు తిరిగి, "ఏమంటున్నావు తల్లీ?" అని అడిగాడు, అడిగిన ప్రతిసారీ మళ్ళీ రోడ్డు వైపు తిరగవలసి వచ్చింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే. "ఏం లేదు. నీతో మాట్లాడలేను. వెళ్తున్నాను" అంది.

అవతలివైపు స్టాపులో ఎక్కాలి ఆమె. బడి గేటు ముందు పిల్లలు గుంపుగా దాటుతున్నారు. నెలిదా సంచీలో రుమాలు వెతుక్కుంటూ, తల దించుకుని, వాళ్ళ మధ్యలో నడిచి రోడ్డు దాటేసింది. అటు చూడలేదు, ఇటు చూడలేదు. ఒక బస్సు ఆమెకి రెండడుగుల దూరంలో ఆగి, ఆమె వెళ్ళేదాకా ఆగే ఉంది. హారను కూడా కొట్టలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ రోడ్డు పక్కన కూర్చున్నాను. నెలిదాలాగా, తల ఎత్తకుండా, ఆ రోడ్డు దాటిన మనిషిని ఒక్కర్నీ చూడలేదు. తను అలా దాటానని ఆమెకి తెలియను కూడా తెలియదు.

అబీలియోకి తెలుసు. పెన్సిలు పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఆమె అవతలి గట్టు ఎక్కాకే పుస్తకంలోకి వంగాడు.